కాగితం వయసు

మా ఊళ్ళో ప్రతి మనిషికీ రెండు వయసులుంటాయి. ఒకటి ఇంటి వయసు, ఇంకొకటి కాగితం వయసు. ఇంటి వయసు అమ్మలకు గుర్తుంటుంది. వంతెన కొట్టుకుపోయిన ఏడు, మేకలకు గాలికుంటు వచ్చిన ఏడు అని లెక్క చెబుతారు. కాగితం వయసు ఊరిపెద్ద హద్దూ మామ సంతకం పెట్టి ఇచ్చేది.

నాకు రెండింటికీ తేడా మూడు నెలలే. మా తమ్ముడు అస్సూకి మాత్రం రెండేళ్ళ నాలుగు నెలలు. వాడు పుట్టిన చలికాలం మంచు కురిసి దారి మూసుకుపోయింది. నాన్న ఉత్తరాన కట్టుబడి పనుల్లో ఉన్నాడు. ఆయన రెండేళ్ళు దాటాక తిరిగివచ్చి పేరు రాయించబోతే, ఇంత ఆలస్యమైన బిడ్డకు కోర్టు తీర్పు కావాలన్నారు. సాక్షులను వెంటేసుకుని ఏడాది తిరగాలి. హద్దూ మామ నవ్వి, "ఎందుకొచ్చిన తిప్పలు? మొన్ననే పుట్టాడని రాసిస్తాలే. బిడ్డ మారతాడా, పేరు మారతాదా?" అన్నాడట. ఆ రోజు అస్సూ నాన్న వేలు పట్టుకుని కచేరీ మెట్లెక్కాడు. గుమాస్తా పుట్టినతేదీ రాస్తుంటే పక్కనే నిలబడి ఖర్జూరం తిన్నాడు. గింజ గుమాస్తా బల్ల మీదే ఉమ్మాడు కూడా.

ఇది చెప్పుకుని నవ్వుకోని పండగ మా ఇంట్లో లేదు. అస్సూకి రెండు వయసులూ పనికొచ్చేవి. గులాబీలు కోయడానికి లేపితే, "నాకు ఎనిమిదేళ్ళే, పడుకోనీండి," అనేవాడు. గాడిదెక్కి ఒక్కడే పిండిమరకు పోతానని పేచీపెట్టేటప్పుడు, "నాకు పదకొండు నడస్తా ఉంది, తెలుసా?" అనేవాడు.

పోయిన గులాబీల కాలంలో, ఏప్రిల్ రెండో వారంలో, ఆరోగ్యకేంద్రం నుంచి నర్సమ్మ మా బడికి వచ్చింది. బడిపిల్లలందరి ఎదుగుదల చూసి ఒక్కొక్కరికి ఒక చీటీ రాయాలట. ఆవిడ పేరు బహీజా, ఊరు ఉత్తరాన ఉన్న మెక్నెస్ పట్నం. ఆవిడకు అరబ్బీ వచ్చు, మా భాష రాదు. మా అమ్మలకు మా భాష తప్ప మరోటి రాదు. మేష్టారికి రెండూ వచ్చుగానీ, పిల్లవాడి పక్క తడుపు గురించీ విరేచనాల గురించీ మగవాడి నోటితో అడిగితే ఏ అమ్మా బదులు చెప్పదు. అందుకని మేష్టారు నన్ను పిలిపించాడు. నేను ఆ బడిలోనే ఆరో తరగతి దాకా చదివాను. పైబడి పట్నంలో ఉంది కాబట్టి అక్కడితో ఆగిపోయాను.

"మా ఇజ్జాకి నోరు లేదయ్యా," అంది అమ్మ మేష్టారితో.

"చేతిరాత బాగుంటుందమ్మా. నోరు అదే వస్తుంది," అన్నాడాయన.

ముందురోజు సాయంత్రం రొట్టెలు కాలుస్తూ అమ్మ నాకు ఒకే ఒక మాట చెప్పింది. "ఏం అడిగినా కాగితంలో ఉండేదే చెప్పు. దాని మీద మీ నాన్న వేలిముద్ర ఉంది. హద్దూ మామకు మాట రానీయొద్దు."

*

నర్సమ్మ బడిగోడకు కొలత పట్టీ అంటించి, పక్కన బరువుతూచే యంత్రం పెట్టింది. నాకు పని నేర్పింది. "మడమలు గోడకు ఆనాలి. చూపు నేరుగా ఉండాలి. మొనవేళ్ళ మీద లేస్తారు, దొంగలు, చూస్తుండు." ఆడపిల్లల జడలు నడినెత్తిన చుట్టి ఉంటే విప్పించింది. కంటిచూపు పరీక్షకు గోడ మీది బొమ్మలో మూడు కాళ్ళ గుర్తు ఏ పక్కకు తిరిగి ఉందో చేత్తో చూపించమనేది. ఒంటికాలి మీద గెంతించేది. తాడు ముడి వేయించేది. ఒక మనిషి బొమ్మ గీయమని పెన్సిలు ఇచ్చేది. ఎవరితో ఆడతావు, కోపమొస్తే ఏం చేస్తావు, దేనికి భయం అని అడిగేది. నేను అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతూ, అంకెలు రాస్తూ ఉన్నాను. పదిమంది పిల్లలయ్యేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మధ్యలో చీటీ మీది గీతల గురించి చెప్పింది. అడుగున వయసు గళ్ళు, గడికి ఆరునెలలు. పక్కన ఎత్తు. మధ్యలో వంపుగా పైకి పోయే ఐదు గీతలు.

"వయసూ ఎత్తూ కలిసేచోట చుక్క పెడతాను. ఈ గీతల మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు. పిల్లలందరూ ఒక్కలా పెరగరు. కానీ అన్నిటికన్నా కింది గీత ఉంది చూడు, దాని కింద పడితే మాత్రం ఊరుకోకూడదు. లోపల ఏదో తినేస్తోందన్నమాట. వెంటనే రక్తపరీక్షకు పంపిస్తాను. నువ్వు కూడా గమనిస్తుండు, నా కళ్ళు అలిసిపోతాయి," అంది.

నన్ను ఎవరూ అలా అడగలేదు అంతవరకు. గమనిస్తాను అన్నాను.

అస్సూ వంతు మధ్యాహ్నం వచ్చింది. అమ్మ వెంట వచ్చాడు. గోడకు ఆనుకుని నిలబడి ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి వదులు నాయనా, పొడుగు పెరగవు," అంది నర్సమ్మ. నేను చెప్పాను.

"ఆమెకు చెప్పు, పొడుగు నాకొద్దు. పొడుగోళ్ళకు సంచులు ఎక్కువ మోపిస్తారు," అన్నాడు వాడు. అది చెబితే ఆవిడ పకపకా నవ్వింది.

నూటపద్దెనిమిది సెంటీమీటర్లు. ఇరవై కిలోల మీద కొద్దిగా. ముడి చకచకా వేశాడు. మూడు కాళ్ళ గుర్తుల్లో ఒక్కటీ తప్పలేదు. ఇక బొమ్మ. వాడు నాన్నను గీశాడు. తలపాగా చుట్లు, చొక్కా గుండీలు, ఐదేసి వేళ్ళు, ఊడిపోయిన ముందుపన్ను, మీసంలో ఒక పక్క పొట్టిగా కత్తిరించింది కూడా. నర్సమ్మ ఆ కాగితం పైకెత్తి పట్టుకుంది.

"ఎనిమిదేళ్ళు నిండనివాడా ఇది గీసింది! మీ అమ్మకు చెప్పు. వయసుకు మించిన తెలివి వీడిది."

చెప్పాను. అమ్మ ముఖం ఎంత వెలిగిందో! తన శాలువా కొసతో నోరు కప్పుకుని నవ్వింది.

తర్వాత అమ్మను అడిగే ప్రశ్నలు. ఆకలి ఉందా? ఉంది. నిద్ర? బాగా. రాత్రిళ్ళు పక్క తడుపుతాడా?

"ఏందే ఆ ప్రశ్న? అంత పిల్లోడిని పట్టుకుని! లేదని చెప్పు," అంది అమ్మ. అస్సూ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏడాదిగా రోజూ పొద్దున కాలవ దగ్గర వాడి దుప్పటి ఉతికేది నేనే.

"లేదంట," అన్నాను.

నర్సమ్మ వాడి నోరు తెరిపించి చెక్కపుల్లతో నాలుక నొక్కి చూసింది. ఇటు చూసింది, అటు చూసింది. "ఈ పక్కపళ్ళు అప్పుడే వచ్చేశాయేమిటి? ఇవి పదేళ్ళ పైన కదా వచ్చేవి," అని తనలో తాను అనుకుంది. కాగితం తీసి తేదీ చదివింది. మళ్ళీ నోట్లోకి చూసింది. అమ్మ కింద కూర్చుని వాడి చెప్పు పట్టీ సర్దుతోంది. హద్దూ మామ గుమ్మం బయట మేష్టారితో గొర్రెల సంగతి మాట్లాడుతున్నాడు. ఇటు చూడనైనా లేదు.

చీటీ నా ముందే ఉంది. ఎనిమిదేళ్ళ గడి మీద నూటపద్దెనిమిది పెడితే, కింది గీతకు గోరంత పైన నిలుస్తుంది. నేను వేలితో నాలుగు గళ్ళు కుడికి జరిపి చూశాను. అక్కడ ఆ గీత ఎంతో పైకి పోయింది. నా వేలు గీతలన్నిటికీ కింద, తెల్లకాగితం మీద ఉంది.

"ఇజ్జా, ఈ పుట్టినతేదీ సరైనదేనా?" అని అడిగింది నర్సమ్మ.

"అవునండీ," అన్నాను.

ఆవిడ చుక్క పెట్టింది. "పొట్టివాడే గానీ గీతల లోపలే ఉన్నాడు. పళ్ళు కాస్త తొందరపడ్డాయి, అంతే. గుడ్డూ పాలూ పెట్టమను. అక్టోబరులో మళ్ళీ కొలుస్తాను." కింద తన చేత్తో రాసింది, ఎదుగుదల మామూలుగా ఉంది, తెలివి వయసుకు మించి ఉంది అని.

*

అమ్మ ఆ చీటీని టీ గ్లాసుల అరలో అద్దానికి ఆనించి పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ నా చేత చదివించింది. మూడోసారి నేను తేదీ ఉన్న వరస వదిలేసి చదివాను.

అప్పటికి గులాబీలు ముమ్మరంగా విరగబూశాయి. ఎండ తగిలితే పూల నూనె పోతుంది కాబట్టి మసక వెలుతురులోనే చేనిగట్ల మీదికి పోయేవాళ్ళం. కోసిన పూలు ఒడికట్టులో వేసుకుని, సంచులకెత్తి, పన్నీరు బట్టీ బండికి అందించాలి. అస్సూ నా పక్క వరసలోనే కోసేవాడు. పోయిన ఏడు పాటలు పాడి అందరినీ విసిగించినవాడు ఈ ఏడు నాలుగు పొదలకొకసారి కూర్చునేవాడు. కాలవ మీద బోర్లా పడుకుని నీళ్ళు తాగేవాడు.

"మీ వాడు గాడిద కంటే ఎక్కువ తాగతాండాడే, కాలవ ఎండిపోతాది," అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"దానికి నా కంటే గడ్డి ఎక్కువ పెడతారు, నాకు నీళ్ళే గదా," అనేవాడు వాడు.

పొద్దున తిన్నది వాంతి చేసుకునేవాడు. ముఖం పిండి రంగులోకి తిరిగింది. నాన్న వాడి సంచి ఎత్తి చూసి, "బళ్ళో తెలివి, చేలో బద్ధకం. సగం కూడా నిండలేదేందిరా?" అన్నాడు.

"కాగితం వయసోడికి పని చెప్తే జైల్లో పెడతారు నాన్నా. హద్దూ మామనడుగు."

నాన్న నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నాడు. వాడి సంచి తన భుజానికి మార్చుకున్నాడు.

ఒక పొద్దున కాలవ దగ్గర దుప్పటి పిండుతూ నేను అమ్మతో అన్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక మధ్యలోంచి మొదలుపెట్టాను.

"అమ్మా, నర్సమ్మ చీటీలో గీతలుంటాయి గదా. అస్సూకి ఇంటి వయసు పెట్టి చూస్తే కింద పడతాండాడు."

"యాడ పడతాండాడే?"

"గీతల కింద."

"గీతల కింద పడితే ఏం, కాళ్ళిరిగినాయా? మీ నాయన పొట్టి. మీ తాత పొట్టి. పెళ్ళిరోజు మీ నాయన్ని కంచరగాడిద మీద కూర్చోబెడితే గానీ నాకు కనపళ్ళేదు." నవ్వి, దుప్పటి రెండో కొస అందుకుంది. "నర్సమ్మ తలకాయ నుంచి కాళ్ళదాకా చూసి బాగుండాడని రాసిచ్చె. నువ్వు ఆయమ్మ కంటే ఎక్కువ చదివినావా? గమ్మునుండు. ఇట్లాంటి మాటలు బిడ్డకు దిష్టి."

ఆవిడ అలా రాయడానికి కారణం నేను అన్న ఒక్క మాటేనని అమ్మకు చెప్పలేకపోయాను. దుప్పటి ఇద్దరం చెరో వైపూ తిప్పి నీళ్ళు పిండేశాం.

ప్రతి బుధవారం పట్నంలో సంత. నర్సమ్మ ఆ రోజంతా అక్కడి ఆరోగ్యకేంద్రంలోనే ఉంటుంది. మే మొదటి బుధవారం చక్కెర దిమ్మ కొనాలన్న వంక పెట్టి నేను పూలబండి ఎక్కాను. దారంతా చెప్పాల్సిన మాటలు అరబ్బీలో వరసగా పేర్చుకున్నాను. తేదీ తప్పండీ. వాడికి పదేళ్ళు దాటాయండీ. పక్క తడుపుతాడండీ. మూడే మాటలు.

వరండా నిండా మనుషులు. గోడవారగా మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను లోపలికి రాగానే అందరూ తల తిప్పి చూశారు. నర్సమ్మ ఒక పసిబిడ్డకు సూది వేస్తూ కిటికీలోంచి నన్ను చూసి, చెయ్యి ఊపి, సూది పళ్ళెంలో పెట్టి బయటికొచ్చింది.

"ఇజ్జా! ఒక్కదానివే వచ్చావా? ఏం కావాలి?"

మా పక్కనే కూర్చున్న ముసలాయన హద్దూ మామ బావమరిది.

"ఊరికేనండీ. సంతకొచ్చాను."

"ఇంట్లో అంతా బాగేనా? మన చిత్రకారుడు?"

"బాగే."

ఆవిడ నా చెంప తట్టి లోపలికి వెళ్ళింది. బిడ్డ ఏడుపు మొదలైంది. నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆవిడ మళ్ళీ బయటికొస్తే చెబుదామనుకున్నాను. ఆవిడ రాలేదు. బండివాడు హారన్ కొట్టాడు. చక్కెర దిమ్మ కొనడం మరిచిపోయి ఇంటికెళ్ళి అమ్మ చేత తిట్లు తిన్నాను.

*

గులాబీలు ఇంకో మూడు రోజుల్లో అయిపోతాయనగా, అస్సూ పొదల మధ్య పడిపోయాడు. కూర్చున్నాడనుకున్నాం. నేనే ముందు చూశాను, వాడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నాన్న వాడిని ఎత్తుకుని పూలబండి దగ్గరికి పరుగెత్తాడు. బండివాడు ఒక్క మాట అడగకుండా సంచులన్నీ దారి మీదికి తోసేశాడు. అమ్మ చెప్పులు లేకుండానే ఎక్కింది. మాట చెప్పడానికి నేనుండాలి కాబట్టి నన్నూ ఎక్కించుకున్నారు.

పెద్ద ఆసుపత్రిలో డాక్టరు వయసు అడిగాడు. నాన్న జేబులోంచి కాగితం తీయబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, "పదేళ్ళ నాలుగు నెలలు," అన్నాను. నాన్నకు ఆ మాత్రం అరబ్బీ వచ్చు. నా వైపు చూశాడు. ఖాళీ చెయ్యి జేబులోంచి తీసేశాడు.

డాక్టరు వాడి పొడుగు చూశాడు, మణికట్టు చూశాడు, కాళ్ళ వంపు చూశాడు. సాయంత్రం రక్తం కాగితాలు వచ్చాక మమ్మల్ని పిలిచాడు. కిడ్నీలు రెండూ ఎండిపోయాయని, ఇది ఇవాళ్టిది కాదని, మూడు నాలుగేళ్ళుగా నెమ్మదిగా పోతున్నాయని చెప్పాడు. "పిల్లవాడు ఎదగడం ఆగిపోతే అదే మొదటి గుర్తు. ఎవరూ కొలవలేదా?" అన్నాడు.

"ఏమంటాండాడు?" అన్నాడు నాన్న.

"కిడ్నీలు చెడినాయంట," అన్నాను. మిగతాది చెప్పలేదు.

పిల్లలకు రక్తం శుభ్రం చేసే యంత్రం ఇంకా దూరపు పట్నంలో ఉందట. ప్రయాణానికి తట్టుకునేలా అయితే పంపిస్తామన్నారు. మూడో రోజు కాస్త తేరుకున్నాడు. అమ్మ నమాజుకు లేచి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. పెదాలు ఎండి ఉన్నాయి. లెక్కపెట్టి గుక్కెడు నీళ్ళే ఇవ్వమన్నారు.

"అక్కా, ఈడ ఏ వయసు చెప్పినావే?"

"ఇంటి వయసు."

"చెడగొట్టినావు. పక్క గదిలో తొమ్మిదేళ్ళ లోపు పిల్లోళ్ళకు బిస్కెట్లు పంచినారు."

"కొనిస్తాలేరా."

"వద్దులే. తినబుద్ది కాలేదు." కళ్ళు మూసుకున్నాడు. "దుప్పటి సంగతి ఈళ్ళకు చెప్పినావా?"

"చెప్పాల్సొచ్చింది."

"చెప్తే చెప్పినావులే. ఊళ్ళో మాత్రం చెప్పొద్దు."

ఆరో రోజు తెల్లవారాక వాడు పోయాడు. అమ్మ వాడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతోంది. ఊపిరి ఆగిందని నర్సు వచ్చి చెప్పేదాకా ఒత్తుతూనే ఉంది.

ఊరికి తెచ్చి మధ్యాహ్నం ప్రార్థన తర్వాత పూడ్చారు. చావు కాగితంలో ఎనిమిదేళ్ళ పదమూడు రోజులని రాశారు. నాన్న వేలిముద్ర వేశాడు. హద్దూ మామ పక్కనే నిలబడి సంతకం పెట్టాడు. మా వాకిట్లోకొచ్చి గోడకు తలానించి ఏడ్చింది కూడా ఆయనే. ఎందుకు ఏడుస్తున్నాడో ఆయనకు పూర్తిగా తెలుసో లేదో నాకు తెలియదు. అప్పటినుంచి నాన్న ఆయన ఉన్న అరుగు మీద కూర్చోడు. బాధ్యులెవరని నాన్న ఎవర్నీ అడగలేదు. ఆసుపత్రిలో నేను తన చెయ్యి పట్టుకుని ఆపిన సంగతి కూడా ఎత్తలేదు. నాతో మాట్లాడటమే తగ్గించేశాడు. చెట్లకు నీళ్ళు కట్టడానికి పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు.

*

జూన్ నడుమ నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. వంతెన దగ్గర బండి దిగి ఎండలో నడిచి వచ్చింది. కబురు ఆసుపత్రి నుంచి తెలిసిందట. గుమ్మంలో చెప్పులు విడిచి, అమ్మ ఎదురుగా చాప మీద కూర్చుని తల దించుకుంది. అమ్మ లేచి టీ కాచింది. ఇంటికొచ్చినవాళ్ళకు టీ ఇవ్వకపోవడం అమ్మకు చేతకాదు. గ్లాసులో పోసి ఆవిడ ముందు పెట్టి, అప్పుడు నాతో అంది.

"అడుగు."

"ఏం అడగాలమ్మా?"

"ఆ కండ్లతో చూసింది గదా. ఆ చేతులతో కొలిచింది గదా. నోరు తెరిపించి చూసింది గదా. నా బిడ్డ లోపల ఎండిపోతా ఉంటే ఎట్లా కనపళ్ళేదో అడుగు."

నర్సమ్మ అమ్మ ముఖమే చూస్తోంది.

"చెప్పక్కర్లేదు ఇజ్జా. అర్థమైంది," అంది. సంచిలోంచి బడి రిజిస్టరు తీసింది. అస్సూ పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంది. "నేను రోజూ ఇదే అడుక్కుంటున్నాను. ఎన్నిసార్లు చూసినా చుక్క గీతల లోపలే ఉంది. ఆ పళ్ళు చూసి ఆగాను, గుర్తుందా? ఆగి కూడా వదిలేశాను. నేను పట్టీ తప్పు అంటించానా? ఊపిరి బిగబట్టినప్పుడు కొలిచానా? నువ్వు పక్కనే ఉన్నావు. చెప్పు."

ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది. వేసవి సెలవులకు మెక్నెస్ పోవాల్సింది, పోలేదట. ఇంక ఈ పని చేయగలనో లేదో అని పైవాళ్ళకు రాశానంది.

"కొలత సరిగ్గానే ఉందండీ," అన్నాను. "తేదీ తప్పు."

ఆవిడ రిజిస్టరులో తేదీ ఉన్న గడి మీద వేలు పెట్టింది.

మంచు చలికాలం గురించి చెప్పాను. కచేరీ గురించి, దుప్పటి గురించి చెప్పాను. సంతరోజు ఎందుకొచ్చానో చెప్పాను. అరబ్బీ తడబడలేదు. "మీరు అడిగినప్పుడు నేను వేలు జరిపి చూశాను. కింద పడ్డాడని నాకు తెలుసు. తెలిసే అవునన్నాను."

నర్సమ్మ రిజిస్టరు మీద పెట్టిన తన చేతిని చూసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

"మీ అమ్మకు తెలుసా, ఆ తేదీ వల్లనే అని?"

"తెలియదు."

"మీ నాన్నకు?"

"ఆయనకు అర్థమైంది."

ఆవిడ పెన్ను తీసింది. "ఈ ఊళ్ళో ఇంకా ఎవరెవరికి ఇలా ఉందో చెప్పు. ఎవరి మీదా రాయను. మళ్ళీ కొలుస్తాను, అంతే."

నలుగురి పేర్లు చెప్పాను. ఇంటి వయసులు కూడా చెప్పాను. నాలుగో పేరు రాసేటప్పుడు ఆవిడ పెన్ను ఆగింది. రిజిస్టరు వెనక్కి తిప్పి ఆ పిల్ల పేజీ చూసింది. రేపే వస్తానంది.

అమ్మ ఇంతసేపూ నా ముఖమూ ఆవిడ ముఖమూ మార్చి మార్చి చూస్తోంది.

"అన్ని మాటలా? ఏమంటాదే?"

అమ్మ కళ్ళు ఏడ్చి ఏడ్చి చిన్నవైపోయాయి. రొట్టె పిండి పిసికిన చేతులు ఒళ్ళో పెట్టుకుని నా మాట కోసం చూస్తోంది. నేను ఏది చెబితే అదే ఆమెకు మిగిలేది.

"బయటికి కనపడే జబ్బు కాదంట అమ్మా," అన్నాను. "లోపల్లోపలే ఉంటాదంట. కొలతలకు అందదంట. ఎవరు చూసినా తెలిసేది కాదంట."

నర్సమ్మకు మా భాష రాదు. అయినా నేను ఏం చెప్పానో ఆవిడకు తెలిసిందని నాకు తెలిసింది. తల దించుకుని రిజిస్టరు మూసేసింది.

అమ్మ ముందుకు జరిగి నర్సమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది.

"అయితే ఈయమ్మ తప్పు లేదన్నమాట. నేనేమో ఇన్ని దినాలూ నా నోటికొచ్చినట్టు శపిస్తాంటి. పాపం, ఆడకూతురు, ఎండలో అంత దూరం నడిసొచ్చింది." శాలువా కొసతో కళ్ళు తుడుచుకుని గ్లాసు ఆవిడ దగ్గరికి జరిపింది. "సల్లారిపోతాంది, తాగమను."

"తాగమంటోంది," అన్నాను.

నర్సమ్మ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగింది. అది ఖాళీ కాకముందే అమ్మ మళ్ళీ నింపింది.